గడ్డి పసుపు తర్వాత ఊదా

తెల్లారి నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాను,
చేపల కోసం కాదు.
వంజరం వీపు మీద నీలం ఎక్కడ ఆగి
వెండి ఎక్కడ మొదలవుతుందో చూడ్డానికి.
ఫొటో తీస్తే ఆ గీత చచ్చిపోతుంది.
అందుకే కంట్లో పెట్టుకుని మోసుకొస్తాను
ఆటోలో, ఎవరితోనూ మాట్లాడకుండా.

నూకరత్నం నవ్వుతుంది:
"ఏటమ్మా, మల్లీ రంగులకొచ్చినావా?
ఓ సేప కొనొచ్చు కదా ఎప్పుడైనా."
చీర మోకాళ్ల పైకి బిగించి ఉంటుంది,
ఆకుపచ్చ మీద గులాబీ పూలు,
ఆ పైన వాళ్లాయన గళ్ల చొక్కా,
బొడ్లో డబ్బుల సంచి.
నేను నాలుగేళ్లు ఫీజు కట్టి నేర్చుకున్నది
ఆమె ఐసు పగలగొడుతూ కట్టేసుకుంది.

ఈ ఊళ్లో బట్టకి ఇద్దరు పగవాళ్లు,
ఉప్పుగాలి ఒకటి, పోర్టు దుమ్ము ఒకటి.
వన్‌టౌన్‌లో ఉండేవాళ్లకి తెలుపు చెప్పను,
చెప్పినా డాబా మీద ఆరెయ్యొద్దంటాను.
పట్టుచీరని ఇనుప హ్యాంగర్‌కి వేలాడదీయకండి,
తుప్పు భుజం మీద కూచుంటే
దాన్ని దింపే సబ్బు ఇంకా పుట్టలేదు.
పాత నూలు పంచెలో చుట్టండి,
మూడు నెలలకోసారి మడత మార్చండి.
కొనే ముందు ఆ డ్రస్సులో ఒకసారి కూచోండి,
నిలబడే పని షాపు బొమ్మది, మీది కాదు.
పాలిస్టర్ సంగతి నన్నడక్కండి,
మే నెల మధ్యాహ్నం
జగదాంబ జంక్షన్ సిగ్నల్ దగ్గర నిలబడండి, అదే చెప్తుంది.

ఇదంతా నాకు తెలుసనుకున్నాను
హైమావతి గారు ఫోన్ చేసేదాకా.

షిప్‌యార్డులో ముప్ఫయ్యొక్క ఏళ్లు,
వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్.
"సోమవారం నించి యూనిఫాం లేదమ్మా,
ఏం కట్టుకోవాలో నాకు తెలీదు."

మల్కాపురంలో వాళ్ల బీరువా తెరిస్తే
పెట్టుబడి చీరలు ఇరవై ఆరు,
కొన్నింటికి అట్టముక్క కూడా తియ్యలేదు.
అన్నీ మంచం మీద పరిచి, నా అలవాటు ప్రకారం అడిగాను:
మామూలు మంగళవారం నాడు, ఏ పేరంటమూ లేనప్పుడు,
బస్సెక్కడానికి ఏది కట్టుకుంటారు?
ఆవిడ చాలాసేపు చూసి
తలుపు వెనక మేకుకున్న ఖాకీ చొక్కా చూపించారు.

మాట్లాడుతున్నంతసేపూ
ఆవిడ చెయ్యి తొడ పక్కన ఏదో వెతుకుతోంది.
టార్చి, సుద్దముక్క, తాళాలు
ఇక్కడుండేవంది.

ఏ రంగు ఇష్టమండీ అంటే
సిగ్గుపడి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు:
"వెల్డు చల్లారేటప్పుడు స్టీలు మీద రంగొస్తుంది.
ముందు గడ్డి పసుపు. తర్వాత ఊదా. తర్వాత నీలం.
ఆ ఊదా ఎక్కువసేపు ఉండదు."

పొద్దున్నే లేచి చేపల వెంట తిరిగేదాన్ని,
ఆ రంగు నేనెప్పుడూ చూళ్లేదు.
పూర్ణా మార్కెట్లో పదకొండు కొట్లు తిరిగాను,
చివరికి పొందూరు నూలుకి రంగు వేయించాం, రెండుసార్లు.

గౌసు మాస్టారు టేపు మెడలో వేసుకుని విసుక్కున్నాడు:
"ఆడవాళ్ల కుర్తాకి జానెడు జేబులేంటమ్మా?
షేపు పోతుంది."
పోనీండి మాస్టారూ.
లోపల అంగుళం గుడ్డ కూడా వదలండి,
రిటైరయ్యాక ఒళ్లు తనకి నచ్చినట్టు ఉంటుంది.

ట్రయల్ నాడు ఆవిడ అద్దం చూసుకోలేదు.
రెండు చేతులూ జేబుల్లో దించి
కొట్లో ఆ చివరికీ ఈ చివరికీ నడిచారు,
హల్ కింద నడిచే నడక అయ్యుండాలి.
తర్వాత కుర్తా విప్పి తిరగేసి
కుట్టు మీద బొటనవేలు మెల్లగా నడిపించి
ఒకచోట ఆగారు.
సంచిలోంచి సుద్దముక్క తీసి
చిన్న గుండ్రం గీశారు.

"ఇక్కడ పట్టలేదు. మళ్లీ వెయ్యాలి."

మాస్టారు నా వైపు చూశాడు.
కళ్లజోడు సర్దుకుని
కుట్టు విప్పడం మొదలుపెట్టాడు.